సి-బుక్కు మొదటి ఓనర్ పేరు మీదే ఉంది, అమ్మేది మాత్రం కన్సల్టెన్సీ వాళ్ళు. తీసుకోవచ్చా?

సిద్దిపేట_కుర్రాడు

అందరికీ నమస్కారం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఎక్కువై బస్సు ఎక్కలేకపోతోంది, ఊరికి తీసుకెళ్ళి తీసుకురావడానికి సెకండ్ హ్యాండ్ కారు ఒకటి చూస్తున్నాను. కొంపల్లి దగ్గర పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో 2018 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్ నచ్చింది. టీఎస్ 08 నంబరు, రీడింగ్ 61 వేలు. తెలిసిన మెకానిక్‌ను తీసుకెళ్ళి చూపించాను, ఇంజన్ బాగుంది, పెద్ద దెబ్బ తగిలిన బండిలా లేదు అన్నాడు. బేరం 4 లక్షల 60 వేల దగ్గర తెగింది. బండితో నాకు పేచీ లేదు, టెన్షన్ అంతా కాగితాల గురించే.

సి-బుక్కు, అదే ఆర్సీ, దాని మీద పేరు ఉప్పల్‌లో ఉండే ఒకాయనది. ఆయన రెండేళ్ళ కిందటే వేరే ఆయనకు అమ్మేశాడట, ఆ రెండో ఆయన తన పేరు మీదకు మార్చుకోకుండానే ఇన్నాళ్ళూ తిప్పుకుని ఇప్పుడు కన్సల్టెన్సీకి ఇచ్చాడు. మొదటి ఓనర్ సంతకాలు చేసిన టీవో (ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ఓనర్‌షిప్, అంటే పేరు మార్పు) ఫారాలు వాళ్ళ దగ్గర ఉన్నాయి, తీసి చూపించారు కూడా. కానీ కొనేవాళ్ళ పేరు, తేదీ రాయాల్సిన చోటంతా ఖాళీ. "మీ పేరు రాసేస్తాం, నెలలో మీ ఇంటికి కార్డు వస్తుంది, ఖర్చు కూడా మాదే" అంటున్నారు. పైగా ఆర్సీలో ఇంకా బ్యాంకు హైపోథికేషన్, అంటే బండి మీద లోన్ ఉన్నట్టు, కనిపిస్తోంది. లోన్ ఎప్పుడో తీరిపోయింది, అభ్యంతరం లేదని బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ ఉంది అంటారు గానీ ఇంతవరకు నా చేతికి ఇవ్వలేదు. ఇన్సూరెన్స్ కూడా మొదటి ఆయన పేరు మీదే నడుస్తోంది.

50 వేలు అడ్వాన్స్ కట్టి, మిగతాది బండి తీసుకెళ్ళే రోజు మొత్తం ఇచ్చేయమంటున్నారు. ఇవ్వొచ్చా? ఇంకో సంగతి, నా ఆధార్ సిద్దిపేట అడ్రస్ మీద ఉంది, ఉండేది హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో. ట్రాన్స్‌ఫర్ ఏ ఆఫీసులో చేయించుకోవాలి? నంబరు మారుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పకపోతే వేరేవాళ్ళకు ఇచ్చేస్తామంటున్నారు.

పాలసీ_బాబాయ్

తమ్ముడూ, ముందు ఆ ఆదివారం గడువును పట్టించుకోకు. ఆ మోడల్ బండ్లు హైదరాబాద్‌లో ఏ కన్సల్టెన్సీకి వెళ్ళినా దొరుకుతాయి. నేను మోటార్ ఇన్సూరెన్స్ పని చేస్తాను, కాగితాల్లో తేడా వల్ల క్లెయిమ్ ఆగిపోయి తలపట్టుకునేవాళ్ళను రోజూ చూస్తుంటాను, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

చట్టం చెప్పేది చాలా సూటిగా ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అమ్మినవాడు, అదే రాష్ట్రంలో అమ్మితే, 14 రోజుల్లో ఆర్టీవోకు తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజుల్లో తన పేరు మీదకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవాలి. దానికి వాడేవే నువ్వు చూసిన టీవో ఫారాలు. ఫారం 29 అంటే బండి అమ్మాను అని ఇచ్చే నోటీసు, అది రెండు కాపీలు ఉండాలి. ఫారం 30 అంటే పేరు మార్చమనే దరఖాస్తు, అందులో ఒక భాగం అమ్మినవాడిది, ఇంకో భాగం కొన్నవాడిది. సంతకాలు ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అని చాలామంది అనుకునేది ఇక్కడే. ఆ సంతకం రెండేళ్ళ కిందటిది. ఆ తర్వాత ఆయన సంతకం మార్చుకుని ఉండొచ్చు, ఫోన్ నంబరు మార్చుకుని ఉండొచ్చు, ఊరే మారిపోయి ఉండొచ్చు. సంతకం రికార్డుతో కలవకపోయినా, ఆయన మొబైల్‌కు వచ్చే ఓటీపీ చెప్పేవాళ్ళు లేకపోయినా ఫైల్ అక్కడే ఆగిపోతుంది. అప్పటికి నీ డబ్బు కన్సల్టెన్సీ వాళ్ళ చేతిలో ఉంటుంది, "ఆయన ఫోన్ ఎత్తట్లేదు సార్, వచ్చే వారం చూద్దాం" అంటూ నెలలు దాటిస్తారు.

అందుకే మొదట చేయాల్సింది, ఆ ఉప్పల్ ఆయనతో నువ్వే నేరుగా మాట్లాడటం. నంబరు ఇవ్వమని కన్సల్టెన్సీని అడుగు, ఇవ్వం అంటే ఆర్సీ మీద అడ్రస్ ఉంది కదా, వెళ్ళి కలువు. బండి నిజంగా అమ్మాడా, పూర్తి డబ్బు ముట్టిందా, టీవోకు సహకరిస్తాడా, ఈ మూడూ ఆయన నోటితో వినాలి. ఆ రెండో ఆయన డబ్బు ఎగ్గొట్టి ఉంటే మొదటి ఓనర్ నీ మీద పోలీస్ కంప్లయింట్ ఇవ్వడానికి కూడా అవకాశం ఉంది, ఎందుకంటే రికార్డులో బండి ఆయనదే. రెండో ఆయన పేరు ఎక్కడా ఎక్కలేదు కాబట్టి నీ పేరుకు మారాల్సింది కూడా మొదటి ఆయన సంతకంతోనే.

కన్సల్టెన్సీని ఇంకో మాట కూడా అడుగు. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం కొత్త నిబంధనలు అమల్లోకి తెచ్చింది. పాత బండ్లు అమ్మే డీలర్ ఆర్టీవో దగ్గర ఆథరైజేషన్ తీసుకోవాలి, అది ఫారం 29బి. ఓనర్ ఆ డీలర్‌కు బండి అప్పగించినప్పుడు ఫారం 29సి ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేస్తే, అప్పటి నుంచి ఆ బండికి డీలరే ఓనర్‌గా లెక్క. మధ్యలో ఏం జరిగినా బాధ్యత ఆయనదే, మన పేరు మీదకు మార్చే దరఖాస్తు పెట్టే అధికారం కూడా ఆయనకు ఉంటుంది. అది ఉంటే నీకు సగం టెన్షన్ తగ్గుతుంది. లేదు అంటే వాళ్ళు ఉత్త మధ్యవర్తులే, రేపు ఏ తేడా వచ్చినా "మేం కలిపించాం అంతే" అని పక్కకు తప్పుకుంటారు.

ఇన్సూరెన్స్ సంగతికి వస్తా. పేరు మారగానే థర్డ్ పార్టీ కవర్ చట్టం ప్రకారం నీకు వచ్చేస్తుంది, 157వ సెక్షన్ అదే చెబుతుంది. కానీ నీ బండికి దెబ్బ తగిలితే వచ్చే ఓన్ డ్యామేజ్ కవర్ అలా దానంతటది రాదు. 14 రోజుల్లోపు కంపెనీకి కొత్త ఆర్సీ వివరాలు ఇచ్చి పాలసీని నీ పేరు మీదకు మార్చుకోవాలి. ఆర్సీ ఒకరి పేరు మీద, పాలసీ ఇంకొకరి పేరు మీద ఉన్నప్పుడు బంపర్ పగిలినా కంపెనీ వాళ్ళు ముందు అడిగేది ఆ పేర్ల గురించే. నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అది కూడా చూసుకో. ఆ పాలసీలో 50 శాతం ఎన్‌సీబీ ఉంటే అది ఆ మనిషిది, బండిది కాదు. పేరు మార్చేటప్పుడు మిగిలిన రోజులకు ఆ తేడా నీ దగ్గర వసూలు చేస్తారు. బేరంలో "ఇన్సూరెన్స్ ఉంది కదా" అని కలిపి చెబితే ఈ లెక్క గుర్తుంచుకో.

నీ పేరు మీదకు మారేదాకా పూర్తి డబ్బు ఇవ్వకు. మిగతావాళ్ళు కూడా చెబుతారు, నేను గట్టిగా చెప్పదలచుకున్నది మాత్రం ఇదే.

ఖమ్మం_గుమ్మం

బాబాయ్ గారు కొనేవాళ్ళ వైపు చెప్పారు. ఆ ఉప్పల్ ఆయన పరిస్థితి కూడా ఒకసారి ఆలోచించండి, ఎందుకంటే మా ఇంట్లో జరిగింది అదే. మా పెదనాన్న గారు తన పాత కారు ఒక బ్రోకర్‌కు అమ్మారు, నమ్మకస్తుడే కదా అని టీవో ఫారాల మీద సంతకాలు చేసి ఇచ్చేశారు. ఆ బండి ఎన్ని చేతులు మారిందో తెలియదు. కొన్నాళ్ళకు కోర్టు నుంచి నోటీసు వచ్చింది, ఎక్కడో హైవే మీద టూ వీలర్‌ను గుద్దారు, మనిషి పోయాడు, ఇన్సూరెన్స్ అప్పటికే అయిపోయి ఉంది. నష్టపరిహారం కేసులో డ్రైవర్‌తో పాటు మా పెదనాన్న పేరు ప్రతివాదిగా పెట్టారు. నోటీసు పట్టుకుని ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని మొదటి పేజీలో తన పేరు ఉన్న లైనే పదే పదే చదువుతున్నారు. 70 దాటిన మనిషి, జన్మలో కోర్టు గడప తొక్కలేదు. బ్రోకర్‌కు ఫోన్ చేస్తే "అమ్మేశాం కదా సార్, నాకేం సంబంధం" అన్నాడు.

లాయర్ గారు మాకు చూపించింది నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. అందులో కూడా అచ్చం ఇలాగే ఒక కారు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారుతూ పోయింది, ఎవరూ ఆర్సీ మార్చుకోలేదు, 2009లో యాక్సిడెంట్ అయింది. బండి చివరికి ఎవరి చేతిలో ఉందో వాళ్ళే కట్టాలని హైకోర్టు అంటే సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రికార్డులో ఎవరి పేరు ఉంటే చట్టం దృష్టిలో వాళ్ళే ఓనర్, పరిహారం కోసం వచ్చిన కుటుంబం బండి ఎవరెవరికి అమ్మారో వెతుక్కుంటూ తిరగాల్సిన పని లేదు అని తేల్చింది. నిజం చెప్పాలంటే ఆ తీర్పు న్యాయమైనదే, మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఎవరిని పట్టుకోవాలి మరి? కానీ అమ్మేసి ఊరుకున్నవాళ్ళకు అది ఎంత బరువో మాకు బాగా తెలుసు.

కాబట్టి సిద్దిపేట తమ్ముడూ, మీరు ఆయనకు ఫోన్ చేస్తే విసుక్కుంటారేమో అని మొహమాటపడకండి. ఈ విషయం ఆయనకు తెలిస్తే పరుగెత్తుకుంటూ వస్తారు. రెండేళ్ళుగా ఆయన పేరు మీద ఎవరో బండి నడుపుతున్నారు, ఏం జరిగినా ముందు తట్టేది ఆయన తలుపే.

బెజవాడ_రోడ్డు

మీది రాష్ట్రం లోపల ట్రాన్స్‌ఫర్ కాబట్టి చాలా సులువు, నంబరు మారదు. టీఎస్ 08 అలాగే ఉంటుంది. 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకు టీజీ వచ్చింది గానీ పాత టీఎస్ నంబర్లు మార్చుకోనక్కర్లేదు. అంతెందుకు, 2014కు ముందు హైదరాబాద్‌లో రిజిస్టర్ అయిన ఏపీ 09, ఏపీ 10 బండ్లు ఇప్పటికీ సిటీలో అదే నంబరుతో తిరుగుతున్నాయి.

ఆఫీసు గురించి అడిగారు. కొన్నవాళ్ళు ఎక్కడ ఉంటే అక్కడి ఆఫీసు. ఆధార్ సిద్దిపేటది కాబట్టి సిద్దిపేటలో చేయించుకోవడమే మీకు తేలిక. హైదరాబాద్ అడ్రస్ కావాలంటే దానికి వేరే ప్రూఫ్ చూపించాలి, ఇంటి ఓనర్‌తో అద్దె అగ్రిమెంట్ వగైరా అన్నీ సరిచూసుకోవాలి. కొత్త కార్డు పోస్టులో ఆర్సీ మీద ఉన్న అడ్రస్‌కే వస్తుంది కాబట్టి, ఇంటి దగ్గర అందుకునేవాళ్ళు ఎవరు ఉంటారో కూడా చూసుకోండి.

నాది రాష్ట్రం మారిన కేసు, ఇది చదివే వేరేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నా. విజయవాడలో కొన్న ఏపీ 39 బండిని ఉద్యోగం మారి హైదరాబాద్ తెచ్చుకున్నాను. 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. దానికి ముందు పాత రాష్ట్రంలోని మన ఆర్టీవో దగ్గర ఫారం 28 మీద ఎన్‌ఓసీ తీసుకోవాలి, బండి మీద లోన్ ఉంటే బ్యాంకు ఒప్పుకోవాలి, దొంగ బండి కాదని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) రికార్డు చూస్తారు, చలానాలు మిగిలి ఉంటే కట్టేయమంటారు. ఇక్కడికొచ్చాక లైఫ్ టాక్స్ బండి వయసును బట్టి మళ్ళీ కట్టాలి. పాత రాష్ట్రంలో కట్టిన దాంట్లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగొచ్చు. అడిగి తీరాలి కూడా, చాలామంది ఎవరు తిరుగుతారులే అని వదిలేస్తారు, అవి మన డబ్బులే.

ఢిల్లీ బండ్ల గురించి కూడా ఒక మాట. అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ బండ్ల మీద 2014, 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ నిషేధం పెట్టింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. దాంతో అక్కడ ధరలు పడిపోయి ఇక్కడికి తెచ్చి అమ్మేవాళ్ళు పెరిగారు. ధర చూసి సంబరపడేముందు ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ టాక్స్ రెండూ కలిపి లెక్క వేసుకోండి. ఇక్కడి బండికీ దానికీ తేడా ఏమంత మిగలదు.

సిద్దిపేట_కుర్రాడు

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ పొద్దున ఉప్పల్ వెళ్ళి ఆయన్ని కలిశాను, కన్సల్టెన్సీ వాళ్ళు నంబరు ఇవ్వలేదు, ఆర్సీ అడ్రస్ పట్టుకుని వెళ్ళాను. ఖమ్మం అన్న చెప్పినట్టే అయింది. ఆయన గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడి, విషయం విన్నాక లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. డబ్బు మొత్తం ముట్టిందట, అందులో గొడవ లేదు. కానీ ఈ రెండేళ్ళలో ఆ బండి చలానాలన్నీ ఆయన ఫోన్‌కే వస్తున్నాయట, ఫోన్ తీసి చూపించారు, సిగ్నల్ జంప్, రాంగ్ పార్కింగ్, ఓవర్ స్పీడ్, స్క్రోల్ చేస్తూ ఉంటే వస్తూనే ఉన్నాయి. ఆ రెండో ఆయనకు ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఇదిగో అదిగో అన్నాడట. "నువ్వు మార్చుకుంటానంటే ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను బాబూ" అన్నారు.

రెండు చిక్కులు తేలాయి. కన్సల్టెన్సీ వాళ్ళకు ఆ 29బి లేదు. అలాంటివి ఎవరూ అడగరండీ అన్నారు. రెండోది, బ్యాంకు ఎన్‌ఓసీ బయటికి తీశారు, అది 2022 నాటిది, కింద మూడు నెలలే చెల్లుతుందని రాసి ఉంది. లోన్ మాత్రం నిజంగానే తీరిపోయింది, ఉప్పల్ ఆయన దగ్గర క్లోజర్ లెటర్ ఉంది. ఇప్పుడు దీన్ని ఏం చేయాలి? డబ్బు ఎప్పుడు, ఎవరికి, ఎలా ఇవ్వాలి?

పాలసీ_బాబాయ్

శభాష్, పెద్ద పని అయిపోయింది. మిగతావి వరసగా చేసుకుంటే చాలు.

గడువు దాటిన ఎన్‌ఓసీ చూసి కంగారు పడొద్దు. లోన్ ఆయన పేరు మీదది కాబట్టి బ్యాంకును అడగాల్సిందీ ఆయనే. క్లోజర్ లెటర్, ఐడీ తీసుకెళ్ళి తాజా ఎన్‌ఓసీ ఇవ్వమంటే ఇస్తారు, దానితో పాటు ఫారం 35 మీద బ్యాంకు సంతకం, ముద్ర కావాలి. ముందు ఆర్సీ మీద హెచ్‌పీ, అంటే ఆ హైపోథికేషన్, తీసేయించండి. బ్యాంకు పేరు అలాగే ఉంటే టీవో ముందుకు కదలదు, ఒకవేళ ఎలాగోలా కదిలినా రేపు నువ్వు అమ్మబోతే మళ్ళీ ఇదే తలనొప్పి. హెచ్‌పీ క్యాన్సిలేషన్, టీవో ఒకేసారి పెట్టనిస్తారా అని ఆఫీసులో ఒక మాట అడిగి తెలుసుకో, వీలుంటే తిరుగుడు తగ్గుతుంది.

పాత ఖాళీ ఫారాలు ఆయన ముందే చింపేయండి. ఇది తప్పకుండా చెయ్యి తమ్ముడూ, అవి కన్సల్టెన్సీ దగ్గర ఉన్నంతకాలం వాటి మీద ఇంకెవరి పేరైనా రాసేయొచ్చు. కొత్త ఫారాల మీద నీ పేరు, తేదీ, అన్నీ నింపాకే ఆయన సంతకం పెట్టాలి. పెట్టిన వెంటనే ఆయనకు జిరాక్స్ ఒక సెట్టు ఇవ్వు.

ఆర్టీవో ఆఫీసులో స్లాట్ దొరికిన రోజు బండి దగ్గర చాసిస్ నంబరు కూడా సరిచూసుకో. ఆర్సీ మీద 17 అక్షరాలు ఉంటాయి, అవి బండి రేకు మీద కొట్టిన వాటితో ఒక్కొక్కటీ కలవాలి. ఎక్కడ కొట్టారో మాన్యువల్‌లో ఉంటుంది. తెల్ల కాగితం దాని మీద పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే అచ్చు దిగుతుంది. అక్షరాల మధ్య దూరం సమానంగా ఉందా, చుట్టూ రాపిడి గీతలు గానీ కొత్త పెయింట్ గానీ ఉందా అని చేతివేలితో తడిమి చూడు. ఇంజన్ ఎంత బాగున్నా ఇది తేడాగా ఉంటే ఆ బండి మనకొద్దు.

ఇక డబ్బు. అడ్వాన్స్ 50 వేలు అవసరం లేదు, 10 వేలు టోకెన్ చాలు, అది కూడా బ్యాంకు ద్వారా పంపి రసీదు తీసుకో, టీవో కాకపోతే వాపస్ అని అందులో రాయించు. ఆఫీసులో ఫైల్ తీసుకుని అక్నాలెడ్జ్‌మెంట్ చేతికొచ్చాక పెద్ద మొత్తం ఇవ్వు, ఓ 50 వేలు మాత్రం ఆర్సీలో నీ పేరు కనిపించేదాకా ఆపుకో. దీనికి ఒప్పుకోని కన్సల్టెన్సీతో బేరం వద్దు. ఒప్పుకుంటారు, అమ్ముడుపోని బండి వాళ్ళకూ నష్టమే. చలానాల మొత్తం ఎంత ఉందో ఈ-చలానా సైట్లో నంబరు కొట్టి చూసి, ఆ డబ్బు ధరలోంచి తగ్గించు, లేదా వాళ్ళనే కట్టమను.

బండి తీసుకునేటప్పుడు డెలివరీ నోట్ రాసుకోండి. తేదీ మాత్రమే రాస్తే చాలదు, టైమ్ కూడా ఉండాలి, ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు, మీటర్ మీద ఎన్ని కిలోమీటర్లు ఉన్నప్పుడు నీకు అప్పగించారో రాసి అందరూ సంతకాలు చేయాలి. ఆ నిమిషం దాకా వచ్చిన చలానా వాళ్ళది, ఆ తర్వాతది నీది. ఎక్కడో కెమెరా కొట్టిన ఫోటో మీద టైమ్ ఉంటుంది కాబట్టి గొడవే ఉండదు.

ఉప్పల్_క్లచ్

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, దగ్గరి విషయమే. మా నాన్నగారు కిందటి నెల కాలం చేశారు, కారు ఆయన పేరు మీద ఉంది. అమ్మకు నడపడం రాదు, అమ్మేద్దామనుకుంటున్నాం. ఒక కన్సల్టెన్సీ ఆయన నాన్నగారి పాత సంతకం చూసి "ఫారాల మీద మేం చూసుకుంటాం, మీరు తేదీ గురించి ఆలోచించకండి" అన్నాడు. భయమేసి వచ్చేశాను. దీనికి సరైన పద్ధతి ఏమిటి?

పాలసీ_బాబాయ్

వచ్చేసి మంచి పని చేశారమ్మా/బాబూ, ఎవరైనా సరే. పోయినవాళ్ళ సంతకం పెట్టడమంటే ఫోర్జరీ, దానికి కేసు పడితే కన్సల్టెన్సీ ఆయనతో పాటు మీరూ ఇరుక్కుంటారు. మీకు దారి ఫారం 31. ఓనర్ చనిపోయిన 30 రోజుల్లోపు ఆర్టీవోకు తెలియజేస్తే, చనిపోయిన రోజు నుంచి మూడు నెలల దాకా వారసులు ఆ బండి వాడుకోవచ్చు. ఆ మూడు నెలల్లోపే అమ్మగారి పేరు మీదకో మీ పేరు మీదకో మార్పించుకోండి. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదనే అఫిడవిట్ సిద్ధం చేసుకోండి. తహసీల్దార్ ఆఫీసులో ఆ సర్టిఫికెట్‌కు టైమ్ పడుతుంది కాబట్టి ముందు అది మొదలుపెట్టండి. మీ పేరు మీదకు వచ్చాక మీరే అమ్మొచ్చు, అప్పుడు మామూలు 29, 30 ఫారాలే. ఆ 30 రోజులు దాటిపోయేలోపు ఆర్టీవోకు ఆ లెటర్ మాత్రం రేపే ఇచ్చేయండి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా చెప్పండి, నాన్నగారి పాలసీలో ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలు ఉందేమో చూడండి. పోయింది బండి ప్రమాదంలో కాకపోతే అది వర్తించదు, అయినా పాలసీ తీసి ఒకసారి చదవండి.

ఖమ్మం_గుమ్మం

2021లో వచ్చిన సవరణతో ఆర్సీలో నామినీ పేరు పెట్టుకునే వీలు కూడా వచ్చింది, చాలామందికి తెలియదు. సిద్దిపేట తమ్ముడూ, నీ పేరు మీదకు మార్చుకునేటప్పుడు అమ్మగారిని నామినీగా పెట్టొచ్చేమో అడుగు.

ఫాస్టాగ్ కూడా మరచిపోవద్దు. అది రెండో ఆయన వ్యాలెట్‌కు గానీ ఉప్పల్ ఆయన వ్యాలెట్‌కు గానీ లింక్ అయి ఉంటుంది. ఒక బండికి ఒకటే ట్యాగ్, పాతది వాళ్ళు క్లోజ్ చేస్తేనే నీ ఆర్సీతో కొత్తది వస్తుంది. అద్దం మీద స్టిక్కర్ పీకేసినంత మాత్రాన క్లోజ్ అయినట్టు కాదు.

సిద్దిపేట_కుర్రాడు

అన్నీ రాసుకున్నాను. కన్సల్టెన్సీ వాళ్ళకు బాబాయ్ గారు చెప్పిన లెక్కే చెప్పాను, 10 వేలు టోకెన్, ఫైల్ తీసుకున్నాక మిగతాది, 50 వేలు ఆర్సీ వచ్చాక. మొదట కుదరదన్నారు, ఉప్పల్ ఆయన్ని ఫోన్‌లో కలిపేసరికి మెత్తబడ్డారు. చలానాలు 7 వేల చిల్లర ఉన్నాయి, రెండో ఆయన చేత కట్టిస్తామన్నారు. పాత ఫారాలు ఆయనకే వాపస్ ఇస్తామని ఒప్పుకున్నారు, శనివారం ముగ్గురం అక్కడ కూర్చుని చింపేస్తాం. సోమవారం ఉప్పల్ ఆయనతో కలిసి బ్యాంకుకు వెళ్తున్నాను, ఎన్‌ఓసీ చేతికొస్తే వెంటనే స్లాట్ బుక్ చేస్తాను.

ఒక్క డౌట్ మిగిలింది. ఫైల్ ఇచ్చాక ఆర్సీ వచ్చేలోపు బండి ఇంటికి తెచ్చుకుని అమ్మను హాస్పిటల్‌కు తీసుకెళ్ళొచ్చా, లేక అప్పటిదాకా కన్సల్టెన్సీలోనే ఉంచాలా?

పాలసీ_బాబాయ్

రికార్డులో నీ పేరు ఎక్కేదాకా అక్కడే ఉంచు తమ్ముడూ. ఆన్‌లైన్‌లో నీ పేరు మారినట్టు కనిపించాక తెచ్చుకో, కార్డు పోస్టులో వచ్చేదాకా ఆగక్కర్లేదు. అదే రోజు పాలసీ మార్పుకు ఆ వివరాలు పంపేసెయ్. ఈలోపు అమ్మగారికి హాస్పిటల్‌కు క్యాబ్ మాట్లాడు.